ఆ వేళకి ఊరంతా నిద్రపోతుంది

ఆగస్టులో వల్దెలోమాకి రోజుకి రెండు రాత్రులు. ఒకటి అందరికీ వచ్చేదే. రెండోది మధ్యాహ్నం మూడింటికి మొదలై ఐదింటికి తెల్లారుతుంది. ఎండ నలభై మూడు డిగ్రీలు దాటాక వీధిలో కుక్క కూడా తిరగదు. కిటికీల చెక్క తెరలు కిందిదాకా దించేసి, చల్లటి టమాటా చారు, గస్పాచో, గిన్నెడు ఖాళీ చేసి, ఎవరి మంచం మీద వాళ్లు వాలిపోతారు. ఆ వేళ ఫోన్ చేసినవాణ్ణి ఊరు ఏడాదిపాటు గుర్తుపెట్టుకుంటుంది. తలుపు తట్టేంత తెగింపు ఎవరికీ ఉండదు.

బసిలిసా ఇల్లు ఊరి చివర, కర్బూజా తోటలకి ఎదురుగా ఉంది. డెబ్బై రెండేళ్ల మనిషి, మొగుడు పోయాక ఒంటరిగా ఉంటోంది. పొలం ఆవిడ పేరున ఉన్నా పెత్తనమంతా కొడుకు దామియాన్‌దే. అతను పెళ్లాం పిల్లలతో ఊరి మధ్యలో కాపురం, పొద్దున కాఫీకి మాత్రం తల్లి దగ్గరికి వస్తాడు.

ఆ ఇంట్లో ఒక కట్టడి ఉంది, ఊళ్లో మరే ఇంటికీ లేనిది. మిగతావాళ్లు మధ్యాహ్నం తలుపు ఊరికే దగ్గరగా వేసుకుంటారు. ఈ ఇంట్లో మాత్రం మూడు కొట్టేసరికి ఇనప గడియ పడాల్సిందే. బసిలిసా తల్లి తొమాసా పెట్టిన కట్టడి అది.

"ఆగస్టులో, మూడుకీ ఐదుకీ మధ్య ఎవరు తట్టినా తియ్యకు," అనేది తొమాసా. "వాడు నీళ్లు అడుగుతాడు. అచ్చం మనిషిలాగే అడుగుతాడు. జాలిపడి తీశావో, లోపలికి వస్తాడు. లోపలికి వచ్చాడంటే ఇక పోడు."

"ఎవరమ్మా వాడు?" అని అడిగితే చెంప పగిలేది.

ఆ తలుపు తట్టే చప్పుడు బసిలిసా రెండుసార్లు విన్నది. ఏడేళ్లప్పుడు ఒకసారి, పెళ్లయిన ఏడాది ఒకసారి. మూడు దెబ్బలు, అంతే. రెండుసార్లూ తొమాసా దుప్పటి నోటికి అడ్డం పెట్టుకుని, "నిద్రపో. మనం నిద్రపోతున్నాం," అని గుసగుసలాడింది.

నడవలో గోడవారగా ఒక మట్టికూజా ఉంటుంది. దాన్ని బల్ల మీద పెట్టకూడదనీ, నేల మీద ఫలానా రాతిపలక మీదే పెట్టాలనీ చెప్పింది కూడా తల్లే. కూజా అన్నాక చెమ్మగిలి కింద గుండ్రంగా తడి కడుతుంది. ఈ పలక మాత్రం ఎన్నడూ తడవలేదు. చిన్నప్పుడు బసిలిసా వేలు పెట్టి రాసి చూసేది. మాడిన రొట్టె పెంకులా పొడిగా ఉండేది. మంచి కూజా కాబోలు అనుకునేది. ఆ తర్వాత నాలుగు కూజాలు పగిలి అయిదోది వచ్చింది, పలక అలాగే ఉంది.

ఆ రోజు పొద్దున రెమెదియోస్ వచ్చింది. ఊళ్లో రొట్టెల కొట్టు ఆవిడదే. ఇద్దరూ ఒకే బడిలో ఒకే ఏడు చదివారు. కాకపోతే ఎర్రవాళ్ల మనవరాలని రెమెదియోస్‌ని ఎప్పుడూ వెనక బల్ల మీద కూర్చోబెట్టేవారు. పంతొమ్మిది వందల ముప్పై ఆరులో అంతర్యుద్ధం మొదలైన నెలకే సైనికులు ఊళ్లోకి వచ్చారు. అంతకుముందు వసంతంలో ఆసాముల బీడు భూములు దున్నుకున్న కూలీలు పన్నెండు మందిని, బసిలిసా తాత పొలం మూల కాల్చి పూడ్చేశారు. పేర్లు రాసిచ్చింది ఆ తాతేనని వెనక బల్లవాళ్లు అంటారు. ముందు బల్లవాళ్లు ఆ మాటే ఎత్తరు. ఆ పన్నెండులో ఒకడు రెమెదియోస్ తాత వెంతూరా. పొలంలో ఆ మూలని ఇప్పటికీ ఎవరూ దున్నరు.

"సంతకం పెట్టవే," అని రెమెదియోస్ కాగితం బల్ల మీద పరిచింది. "తవ్వేవాళ్లు అక్టోబరులో వస్తామన్నారు. పొలం నీ పేరున ఉంది, నువ్వు ఊఁ అంటే చాలు."

దామియాన్ కాఫీ కప్పు దించాడు. "ఎందుకత్తా ఇప్పుడు ఇదంతా? ఎనభై ఏడేళ్లు పడుకున్నవాళ్లు ఇంకో రెండేళ్లు పడుకోలేరా? వాళ్లకేం తొందర?"

"వాళ్లకి లేదురా. నాకుంది, నాకు డెబ్బై రెండు."

"పాత పుండు కెలుకుతానంటావు."

"మానితే కదరా కెలకడానికి! మీ ఇంట్లో మానిందేమో, మా ఇంట్లో ఇంకా కారుతూనే ఉంది."

బసిలిసా బల్ల మీది రొట్టె ముక్కలు చేత్తో కూడదీస్తూ, "చూద్దాంలే రెమే," అంది.

"మీ అమ్మా ఇదే అంది. చూద్దాంలే, చూద్దాంలే అనే పోయింది," అని రెమెదియోస్ లేచింది. కాగితం మాత్రం అక్కడే వదిలేసింది.

ఆవిడ గుమ్మం దిగుతుంటే మొదూ ఎదురొచ్చాడు, చేలోకి నీళ్లు పట్టుకెళ్లడానికి. ముప్పై ఏళ్లవాడు, సెనెగల్ నుంచి వచ్చాడు. దామియాన్ దగ్గర ఇంకెవరిదో పేరున్న పని పర్మిట్ చీటీ మీద పనిచేస్తున్నాడు. వచ్చిన మొదటి రోజు అతను కూజా ఎత్తి, పెదవి తగలకుండా, గడ్డం మీద ఒక్క చుక్క పడకుండా తాగాడు. సొంత మనవళ్లకి కూడా చేతకాని పని. బసిలిసా ముచ్చటపడింది.

"ఎవరయ్యా నీకు నేర్పింది?"

"మా అమ్మ. ఎంగిలి చేస్తే వీపు చిట్లగొట్టేది."

అప్పట్నుంచి రోజూ పొద్దున ఆ కూజా అతని కోసం సిద్ధంగా ఉండేది. ఆ రోజు కూడా తాగి, క్యాన్లు నింపుకుని, దామియాన్ వంక చూశాడు.

"ఇవాళ రెండింటికి ఆపేస్తాం కదా, బాస్? రేడియోలో హెచ్చరిక చెప్పారు."

"లారీ ఆరింటికి వస్తోంది. ఇవాళొక్కరోజూ ఐదు దాకా లాగండి. మూడింటికి నీళ్ల ట్యాంకు నేనే తెస్తా."

"మూడింటికి... తప్పకుండా?"

"తెస్తానన్నానుగా!"

మూడింటికి బసిలిసా గడియ వేసి, తెరలు దించి, మంచం మీద వాలింది. ఇల్లంతా చీకటి. ఆ చీకటికి పాత సున్నం వాసన, వెనిగర్ వాసన. బయట నిప్పులు చెరుగుతున్న ఎండ తెర సందుల్లోంచి దూరి నేల మీద చుక్కలు పెట్టింది. ఫ్రిజ్ కాసేపు గొణిగి ఆగింది. చూరులో పావురం కాసేపు కువకువలాడి అదీ ఊరుకుంది. కళ్లు మూతలు పడుతున్నాయి.

టక్. టక్. టక్.

కళ్లు తెరిచింది. వీధి తలుపే. వేలి కణుపులతో, మెత్తగా తట్టిన చప్పుడు.

"మనం నిద్రపోతున్నాం," అంది ఆవిడ నోరు దానంతటదే.

టక్. టక్...

మూడోది ఆలస్యంగా వచ్చింది.

ఎందుకు లేచిందో ఆవిడకే తెలీదు. చెప్పుల్లేకుండా, గోడ పట్టుకుని నడవలోకి వచ్చింది. తలుపు కింద సందులో తెల్లటి వెలుగు గీత. ఆ గీత మధ్యలో రెండు నల్లటి మచ్చలు... పాదాలు. అటూ ఇటూ ఊగుతున్నాయి.

"అమ్మా..."

పొడి గొంతు. ఎవరి గొంతో పోల్చుకోలేనంత పొడి.

"అమ్మా... నీళ్లు..."

తల్లి చెప్పింది చెప్పినట్టే జరుగుతోంది. అచ్చం మనిషిలాగే అడుగుతున్నాడు.

గోడవారనే కూర్చుండిపోయింది. పక్కనే కూజా. గంట క్రితం నిండా నింపిపెట్టింది. మోచేతికి దాని చల్లదనం తగులుతోంది. చెయ్యి చాస్తే గడియ అందుతుంది. ఆ చెయ్యి జపమాల కోసం మెడ దగ్గరికి పోయింది.

తలుపుకి ఏదో బరువుగా ఆనుకుంది. చెక్క కిర్రుమంది. ఆ బరువు మెల్లగా కిందికి జారింది... వెలుగు గీత మూసుకుపోయింది. తలుపు అడుగున గోళ్లు గీరాయి. ఒకసారి... ఇంకోసారి...

"తల్లీ మరియమ్మా, వీణ్ణి పంపించెయ్... పంపించెయ్..." గొణుగుతూనే ఉంది. గోడ గడియారం నాలుగు కొట్టింది. గీరడం ఎప్పుడో ఆగిపోయింది.

పోయాడు. ఊపిరి వదిలింది.

అప్పుడు వినపడింది... గుటక.

బయట కాదు. లోపల. నడవలోనే, ఆవిడ వెనక. ఎత్తి పట్టుకుని, పెదవి తగలకుండా తాగేవాడి గొంతులో నీళ్లు దిగుతున్న చప్పుడు. గుటక... గుటక... గుటక... ఊపిరి కోసం కూడా ఆగడం లేదు. కూజా మాత్రం మోచేతి పక్కనే, కదలకుండా ఉంది. దాని చల్లదనం కొంచెం కొంచెంగా పోతోంది.

తల తిప్పబోయింది. మెడ తిరగలేదు.

ఎండిన మన్ను వాసన... చెవి పక్కనే. ఒక మగ గొంతు. ఈ ఊరి యాసే.

"తలుపు తియ్యి, తొమాసా... వాడు నేను కాదు."

జపమాలని పిడికిట్లో నొక్కిపట్టింది.

"నేనెప్పుడో లోపలికి వచ్చేశాను."

ఎలా లేచిందో, గడియ ఎలా లాగిందో తెలీదు. తలుపు తెరుచుకోగానే ఎండ కళ్లలో పొడిచింది. తలుపుకి ఆనుకున్న మనిషి వెల్లకిలా ఆవిడ పాదాల మీద పడ్డాడు.

మొదూ.

ఒళ్లు పొయ్యి మీది పెనంలా కాలుతోంది. ఒక్క చెమట చుక్క లేదు. కళ్లు సగం తెరిచి ఉన్నాయి. బసిలిసా కూజా అందుకుంది. అది తేలిగ్గా పైకి లేచింది. వంచితే ఒక్క చుక్క రాలేదు. వంటింట్లోకి పరుగెత్తి కుళాయి తిప్పింది. ఆగస్టు నీళ్లు, వేడిగా వచ్చాయి. దోసిట్లో పట్టుకొచ్చి అతని నోట్లో పోసింది. మళ్లీ పరుగెత్తి మళ్లీ పోసింది. నీళ్లు పెదవి చివర్నుంచి చెవి వైపు కారిపోయాయి. ఒక్క గుటక కూడా దిగలేదు. ఊపిరి ఎప్పుడో ఆగిపోయింది.

దామియాన్ పావు తక్కువ ఐదుకి వచ్చాడు. చెంప మీద దిండు గీతలు ఇంకా చెరగలేదు.

"ట్యాంకు ఏదిరా?" అంది బసిలిసా.

"కాస్త నడుం వాల్చానమ్మా... పది నిమిషాలే అనుకున్నా..." గడప మీద ఉన్నదాన్ని చూసి గోడకి ఆనుకున్నాడు. కాసేపు చిన్నపిల్లాడిలా వణికాడు. తర్వాత వణుకు ఆపుకుని, వ్యాను వెనక్కి తెచ్చి తలుపులు తీశాడు.

"ఏం చేస్తున్నావురా?"

"ఆస్పత్రి గుమ్మంలో దింపేసి వస్తా. చీటీ మీద పేరు వీడిది కాదు, తెలిస్తే నేను మునిగిపోతా. నా పిల్లలు మునిగిపోతారు. ఎవరడిగినా నువ్వు నిద్రపోతున్నావు, సరేనా? ఆ వేళకి ఊరంతా నిద్రపోతుంది. ఎవరూ తప్పుపట్టరు."

ఆ మాట ఆవిడకి కొత్త కాదు. తొంభై ఏళ్ల తొమాసా చివరి వారమంతా అదే కలవరించింది. "ఆ రోజు నేను నిద్రపోతున్నాను. ఊరంతా నిద్రపోతోంది." ఆవిణ్ణి ఎవరూ ఏమీ అడగలేదు. అడగనిదానికే వారం రోజులు జవాబు చెప్పి పోయింది.

ఏడింటికి పోలీసులు వచ్చారు. చేలో మిగిలిన కూలీలు, మొదూ నీళ్ల కోసం ఊరి వైపు నడిచి వెళ్లాడని చెప్పారట. వచ్చినవాళ్లలో ఒకామె చిన్న వయసుది, పుస్తకం తెరిచి గౌరవంగా అడిగింది.

"మధ్యాహ్నం మీ తలుపు ఎవరైనా తట్టారా, దోన్యా బసిలిసా?"

దామియాన్ తల్లి కుర్చీ వెనక నిలబడ్డాడు. ఆవిడ భుజం మీద చెయ్యి వేశాడు. చిన్నప్పుడు జ్వరం వస్తే ఆ చేతినే రాత్రంతా పట్టుకుని కూర్చునేది. ఇప్పుడు అది ఎంత బరువుగా ఉందో ఆవిడకే తెలుసు.

"అమ్మ ఆ వేళకి..." అన్నాడు దామియాన్.

"మెలకువగానే ఉన్నాను," అంది బసిలిసా. "మూడున్నరకి తట్టాడు. మూడేసిసార్లు, రెండుమాట్లు. నన్ను అమ్మా అని పిలిచాడు, నీళ్లు అడిగాడు. కూజా నా పక్కనే ఉంది. నేను తియ్యలేదు."

"ఎండదెబ్బ తగిలినట్టుంది, ఏదో కలవరిస్తోంది..."

"కలవరించింది మా అమ్మరా, నేను కాదు. నువ్వు ట్యాంకు తేలేదు, నేను తలుపు తియ్యలేదు. రాసుకో తల్లీ, రెండూ రాసుకో."

భుజం మీది చెయ్యి తొలగిపోయింది. ఆ తర్వాత ఆ చెయ్యి మళ్లీ ఆవిణ్ణి తాకలేదు. పోలీసులు వెళ్లాక, సిగ్గుతో ముఖం మండిపోతుండగా, బసిలిసా బల్ల మీది కాగితం తీసి సంతకం పెట్టింది.

అక్టోబరులో పొలం మూల తవ్వారు. పదకొండు మంది దొరికారు. ఇంకో నాలుగు రోజులు చుట్టూ తవ్వారు. పన్నెండోవాడు లేడు. గోతి గట్టున మట్టి చేతులతో కూర్చున్న రెమెదియోస్ దగ్గరికి బసిలిసా వెళ్లింది.

"మా ఇంటికి రా రెమే. గునపం కూడా తెమ్మను."

నడవలో కూజా పక్కకి జరిపారు. పలక లేపారు. రెండు జానల లోతులో, మోకాళ్లు గుండెకి ముడుచుకుని పడుకుని ఉన్నాడు వెంతూరా. ఎముకల మీద తూటా దెబ్బ ఒక్కటీ లేదు. చేతి ఎముకల మధ్య నీళ్ల తోలుసంచి, ఎండి చెక్కైపోయింది. కాల్పులు తప్పించుకుని, రెండు రోజులు చేలల్లో దాక్కుని, దాహానికి తట్టుకోలేక వచ్చి ఈ తలుపే తట్టాడు. ఎవరూ తియ్యలేదు. ఐదింటికి తీసినవాళ్లకి గడప మీద శవం కనపడింది. శవాన్ని లోపలికి లాక్కున్నారు.

రెమెదియోస్ ఏడవలేదు. "నీ దగ్గరికి వచ్చినప్పుడల్లా దీని పక్కనే నిలబడి మాట్లాడేదాన్ని," అంది.

పన్నెండు మందికీ పేర్లు చెక్కి శ్మశానంలో చోటిచ్చారు. మొదూకి మాత్రం గోడలో శవపేటిక పట్టే ఒక అర ఇచ్చి, చీటీ మీద ఉన్న పేరే రాశారు. మార్చాలంటే కాగితాలు కావాలన్నారు. బసిలిసా ఆ ఆఫీసు చుట్టూ నెలల తరబడి తిరిగింది. ఊళ్లో రెమెదియోస్ తప్ప ఆవిణ్ణి పలకరించేవాళ్లు లేరు. దామియాన్ మీద కేసు నడుస్తోంది. పొలం కౌలుకి తీసుకున్నవాడూ లారీ ఆరింటికే అంటాడు, ఐదు దాకా పని చేయిస్తాడు.

నడవలో కొత్త పలక వేయించి దాని మీద కూజా పెట్టిన మర్నాడు, కింద గుండ్రంగా తడి కట్టింది. బసిలిసా ఆ తడి మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు ఏడ్చింది. ఇంక ఇల్లు ఖాళీ అయిందనుకుంది.

మళ్లీ ఆగస్టు వచ్చింది. ఇప్పుడు కట్టడి మారింది. మూడు కొట్టేసరికి తలుపు బార్లా తెరిచి గోడకి ఆనించి, నడవలో కుర్చీ వేసుకుని, పక్కన నిండు కూజాతో కూర్చుంటోంది. వీధి తెల్లగా మండుతోంది. ఎవరూ రావడం లేదు.

పదిహేనో తారీకున కూర్చున్నది కూర్చున్నట్టే కిందికి చూసింది. పలక మీద తడి లేదు. వేలు పెట్టి రాసింది... పొడి.

గుటక.

వెనకాలే. గుటక... గుటక... ఒక్క చుక్క కింద పడకుండా తాగుతున్న చప్పుడు.

"మొదూ?" అంది మెల్లగా.

చప్పుడు ఆగింది.

"తలుపు తియ్యండమ్మా... బయట ఇంకొకరున్నారు."

తలుపు తెరిచే ఉంది. గడప మీద ఎండ తప్ప ఏమీ లేదు. ఆవిడ నోరు తెరిచేలోగా వినపడింది.

టక్. టక్. టక్.

తన తలుపు కాదు. పక్కింటిది.

కూజా చంకలో పెట్టుకుని వీధిలోకి వచ్చింది. ఈ చివర నుంచి ఆ చివరకి నరమానవుడు లేడు. టక్, టక్, టక్... పక్కింటి పక్కింటిది. తర్వాత ఎదురు వరసలో నీలం రంగు తలుపు. ఆ తర్వాతది... ఒక్కో తలుపూ దానంతటదే అదురుతోంది. ఒక్కోచోటా మూడో దెబ్బ ఇంకాస్త ఆలస్యమవుతోంది.

"ఎక్కడున్నావు నాయనా? ఇటు రా, నీళ్లున్నాయి!" అని అరిచింది. అరుస్తూ తలుపు తలుపుకీ పరుగెత్తింది.

చప్పుడు ఆవిడకి ఎప్పుడూ ఒక తలుపు ముందే ఉంది. దించిన తెరల వెనక ఎక్కడో ఒక మంచం కిర్రుమంది, ఎవరో అటు తిరిగి పడుకున్నారు. ఏ తలుపూ తెరుచుకోలేదు.

చంకలో కూజా అడుగడుక్కీ తేలికవుతోంది.